మన బాయి నీళ్లు

హలో… ఆఁ, నేనే. బాబురావు కాకను… దవాఖాన కాడి నుంచే మాట్లాడుతున్న. వైకుంఠం, ఫోన్ జర మీ చిన్నమ్మకు ఇయ్యి…

ఏంది?… తీసుకోనంటుందా… యాడున్నది?… ఇంటెనుక, బాయి కాడనా. పొద్దుగాల్నుంచి అక్కడనేనా…

ఓ పని చెయ్యి బిడ్డా. పోయి ఆమె చేతుల పెట్టు. మాట్లాడకపోయినా సరే, చెవి కాడ పెట్టుకొమ్మను. నువ్వు ఎటు పోకు, దగ్గరనే ఉండు.

…

ఆగమ్మా.

…

ఆగమ్మా, ఇంటున్నవా?

…ఊఁ. సప్పుడు ఇనవడ్డది. కోడిపిల్లలు గూడ ఇనవడుతున్నయి. సరే, నువ్వు మాట్లాడకు. పెండ్లైనప్పటి సంది నువ్వు మాట్లాడితే నేను ఊఁ కొట్టిన. ఇయ్యాల నేను మాట్లాడత, నువ్వు ఊఁ కొట్టు…

…ఏడుస్తున్నవో నవ్వుతున్నవో తెలుస్తలేదు గని… ఏదైనా మంచిదే.

రూపనా?… ఉన్నది. పొద్దుగాల కండ్లు తెరిచింది. నన్ను గుర్తువట్టింది… ఆఁ, "బాపూ" అన్నది… అబద్ధం ఎందుకు చెప్త. నాకు అబద్ధం చెప్పరాదని నువ్వే అంటవు గద.

నిద్ర మాత్రం ఎక్కువైంది. పిలిస్తే లేస్తది, మల్ల మునుగుతది… కండ్లు పచ్చగనే ఉన్నయి. గోర్లు గూడ. కడుపుతోనున్నదని మనింట్ల చేసిన ఒడినింపుడు నాడు నువ్వు గోరింటాకు పెట్టినవు గద, ఆ ఎరుపు ఇంక పోలే. దాని సుట్టు పసుపు…

…కడుపు సంగతా. పసిది పాయెనని ఎవ్వరం చెప్పలే. ఎట్ల చెప్తం… నిన్న తానే చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకున్నది. ఇటు జరిపింది… అటు జరిపింది. ఇగ తీసేసింది… లేదు, ఏం అడుగలే. గోడ దిక్కు చూసింది.

…ఏడ్వకు. ఏడిస్తే నాకు మాటలు దొరకయి.

ఆ దండనా?… తీసేసిండ్రు. దవాఖానల చేరిననాడే నర్సమ్మ కత్తెరతోని కట్ చేసింది… గట్లనకు, దండ కట్టిచ్చినోళ్లు మాత్రం ఏం చేస్తరు. కామెర్లంటే దండ కట్టుడే గద అందరికి ఎరుక. పుల్లలు గుచ్చిన దండ. నెత్తి మీద పెట్టిననాడు మూరెడే ఉండె. అది రోజుకింత సాగి కిందికి దిగితే, ఒంట్ల కామెర్లు దిగుతున్నట్టంట. నడుము దాక దిగింది. మన అల్లుడు గూడ, చదువుకున్నోడు, ప్రేమ్‌రాజ్, పొద్దుగాల లేస్తే దండ దిక్కే చూస్తుండె. మేమందరం దండనే చూసినం. పొల్లను ఎవ్వరం చూడలే.

సరే, అదట్ల పెట్టు. ఎందుకు ఫోన్ చేసిన్నంటే… నువ్వు రావాలె.

…

రావాలె, ఆగమ్మా. అడుగుతున్నది. "అమ్మ ఏది" అన్నది…

ఏంది? నీ చెయ్యి మంచిది కాదా?… ఎవరన్నరు? …మన వియ్యపురాలు అన్నది. ఇన్న, నేను గూడ పక్కకే ఉన్న గద అప్పుడు. "నీ చేతులతోని పోసిన బాయి నీళ్లు తాగి నా కోడలు గిట్లైంది" అన్నది. ఆఁ, అన్నది… అందుకనేనా నువ్వు రాకుంట బాయి కాడ కూసున్నవు? దాని మీద ముండ్లకంప ఏసినవట. వైకుంఠం నిన్ననే చెప్పిండు. మా తాత తవ్విచ్చిన బాయి. కూలికి పోయేటోళ్లు తొవ్వల ఆగి తాగి పోయే బాయి. దానికి కంప కొట్టినవా?

…కోపం గాదు. నాకు కోపం యాడిది.

ఇను. ఇయ్యాల రిపోర్టు వచ్చింది. మంచిగ ఇను, మధ్యల అడ్డం రాకు. నాకు వరుస తప్పితే మల్ల దొరకదు.

మొదాలు తీసిన నెత్తుర్ల ఏం దొరకలే. బి కామెర్లు లేవన్నరు, సి లేవన్నరు. కామెర్లైతే ఉన్నయి గని ఏ కామెర్లో తెలుస్తలేదు అన్నరు. మల్ల ఇంకో నెత్తురు తీసి సైదాబాద్ దిక్కు ల్యాబుకు పంపిండ్రు. ఇయ్యాల అల్లుడు పోయి పట్కొచ్చిండు. "ఇ" అంట… ఆఁ, ఇ. ఏ, బీ, సీ, డీ అయినంక వస్తది. మన బడిల సారు బెత్తం పట్కొని నేర్పిన అక్షరమే… నీకు రాదులే. నువ్వప్పుడు మేకలెంబడి ఉంటివి.

అది నీళ్లల్ల వస్తదంట.

…ఆగు. ఆగు జర. నీళ్లు అనంగనే గట్ల గొంతు పెట్టకు. ఏ నీళ్లు అని అడుగు ముందుగాల… మన బాయివి కావు. కావంటున్న, ఆగమ్మా. నామాట ఇను.

డాక్టరమ్మ అడిగింది, ఈ నడుమ ఎటన్న ఊరు పోయిందా అని. మన వియ్యపురాలు అందుకున్నది. పోయింది, తల్లిగారింటికి, ఒడినింపుడుకు పోయింది, అక్కడ్నే తగిలింది అన్నది. ఎప్పుడు పోయింది, ఎప్పటి సంది వాంతులు అని డాక్టరమ్మ మల్ల అడిగింది. చెప్పినం. ఆమె తల అడ్డం ఊపింది. అది కుదరదమ్మా అన్నది. ఈ రోగం లోపటికి పోయినంక నెల, నెలన్నర సప్పుడు చెయ్యదంట. అటెనుక బయటవడతదంట. రూప మనింట్ల ఉన్నదే రెండొద్దులు, పోయి వారం గూడ తిరుగకముందే వాంతులు వట్టినయి గద. చూసుకో… విత్తు ఏసిన వారానికి ఎన్ను తీస్తదా ఏడన్న?

…ఊఁ. గదే నేను చెప్పేది. నీళ్లు తాగింది మన దగ్గర, రోగం తెచ్చుకున్నది అంతకు ముందుగాల్నే.

…అంటే, అవు. మనింటికి వచ్చిననాడే దాని లోపట ఉన్నట్టు. నువ్వు ఒడిల బియ్యం పోసినప్పుడు గూడ… ఆఁ, అప్పటికే. ముఖం కళ తప్పిందేందే అని నువ్వు అన్నవు. ఎండల బస్సుల వచ్చింది గద అని నేనన్న… తెల్వది. ఎవ్వరికి తెలుస్తది.

ఊరంత తాగింది ఆనాడు మన బాయి నీళ్లు. ఎవ్వరి కండ్లన్న పచ్చవడ్డయా?… నాయి పడ్డయా? నీయి పడ్డయా?… గంతే మరి.

యాడిదంటవా. ఇక్కడిదే. పట్నంలదే. యాకుత్‌పురాల, వియ్యపురాలింటి ముంగటిదే.

ఎదురింటి జాఫర్ భాయ్ యాదికున్నడా? లక్క గాజులు చేసేటాయన… ఆఁ, పచ్చ గాజులు పంపిండు గద, బిడ్డ చెయ్యి కొలత నాకెరుకే అని, అడుగకుంటనే చేసి… ఆయనకు వచ్చింది. మోకాళ్ల నొప్పి మనిషి. గల్లీ దాటడు. రైలు స్టేషన్ ఇంటెనుకనే ఉన్నదా, ఆడి దాక నడిచి ఏండ్లాయె అంటడు. మరి ఆయన మన ఊరొచ్చి మన బాయి నీళ్లు ఎప్పుడు తాగిండు?… మూలకు ఉమ్మే హానీ అని చదువుకునే పొల్ల, ఆమెకు వచ్చింది. ఇంక ఇద్దరు ముగ్గురికి ఉన్నదంట. రిపోర్టు చూసినంక డాక్టరమ్మ ఇదే అడిగింది, మీ గల్లీల ఇంకెవరికన్న ఉందా అని. అల్లుడు పేర్లు చెప్పుకుంట పోతుంటే ఆమె కలం ఆపి మా ముఖాలు చూసింది.

…వాళ్లకు తగ్గుతదంట. కొన్నొద్దులు పండుకొని లేస్తరంట. కడుపుతోనున్నోళ్లకే… ఆఁ. నెలలు నిండేటప్పుడు పట్టుకుంటే ఇడ్వదంట.

…ఎందుకో అడిగిన. చెప్పింది. నాకు అర్థం గాలే. మాకు గూడ అంత తెల్వదు పెద్దాయనా అన్నది. నిజం చెప్పింది. మంచి మనిషి.

…చెప్త. చెప్త, ఆగు. ఎట్లొచ్చిందంటే, ఇక్కడ నల్లా మన లెక్క గోడకు ఉండది. నీళ్లు పైకి ఎక్కయని ఇంటి ముంగట గుంత తవ్వుకుంటరు. నడుము లోతు. పైపు ఆ గుంతల ఉంటది. తిప్పి బందు పెట్టే పిట్ట ఉండది, ఉత్త పైపు. నీళ్లచ్చే యాళ్లకు ఆడోళ్లు అండ్ల దిగి బిందెలు నింపుతరు. పక్కనే మోరీ. వానకాలంల మోరీ పొంగి గుంతలు నిండినయి. మొన్న గల్లీకి నీళ్ల ఆఫీసోళ్లు వచ్చి సీసలల్ల పట్కపోయిండ్రు. గుంత చూపిచ్చి, ఇదే కథ అన్నరు, అప్పుడు మా చెవికెక్కలే. ఆ పొద్దు నేను గడప మీద కూసోని చూసిన. నీళ్లు బందైనంక పైపు ఎనుకకు గుంజుతది, ఆగమ్మా. గుంతల మురికి నీళ్లను గుటగుట తాగింది. పసిపిల్ల పాలు తాగినట్టు. ఇన్నేండ్లు పైపు నీళ్లు పోసుడు చూసిన గని, తాగుడు చూడలే.

…ఊఁ. మల్ల ఇడిసినప్పుడు మొదాలు ఆ తాగినయే బయటికొస్తయి.

ఇంకో మాట చెప్త. చెప్పాల్నా వద్దా అని పొద్దుగాల్నుంచి అనుకుంటున్న… రూప కడుపుతోనున్నది, లైన్ల నిలవడొద్దు అని, గల్లీ ఆడోళ్లు అందరికంటె ముందుగాల దాని బిందె పెట్టిచ్చేటోళ్లంట.

…ఆఁ. మొదటి బిందె.

…ఎవ్వలనేం అంటం. మంచికే చేసిండ్రు. వాళ్లల్ల రివాజంట అది, కడుపుతోనున్నామె బిందె నిండినంకనే ఎవ్వరిదైనా. జాఫర్ భాయ్ భార్య అజ్మతున్నీసా దగ్గరుండి పెట్టిచ్చేది. వేరేటోళ్లు ముందల పెడితే లొల్లి పెట్టుకునేదంట రూప కోసం…

ఆమె ఇక్కడనే ఉన్నది. ఫ్లాస్కు నిండ కాగిన నీళ్లు పట్కొచ్చింది. మెట్ల మీద కూసున్నది. లోపటికి రా అమ్మా అంటే రాదు. "మేరే హాథ్ సే హువా భాయ్ సాబ్" అంటది, నా చేత్తోనే అయిందని, చేతులు చూసుకుంటది. ఆడ నువ్వు బాయి కాడ కూసోని చేతులు చూసుకో, ఈడ ఆమె మెట్ల మీద కూసోని చూసుకుంటది. నడుమ పొల్ల ఒక్కతే పండుకోని ఉంటది. బాగున్నదా?

…

అవునా కాదా చెప్పు.

…వియ్యపురాలా? ఉన్నది, లోపట పొల్ల కాళ్ల కాడ. రిపోర్టు సంగతి ఇన్నది. ఇందాక నా కాడికొచ్చింది. "అన్నా, ఆగమ్మ వదినెకు చెప్పు" అన్నది. అని నిలవడ్డది. ఏం చెప్పాల్నో అనలే. నేను అడుగలే… అంతే. కొంగు నోట్లె పెట్టుకొని మల్ల లోపటికి పోయింది.

…నువ్వేమన్న అంటవా ఆమెను?… అనవు గద. నాకెరుకే. మేకపిల్లను నేను కొట్టినందుకు నాతోని వారం మాట్లాడకపోతివి.

ఇగ రా. పొల్ల ఇంకోటి అడిగింది…

"బాపూ, మన బాయి నీళ్లు" అన్నది.

…

ఆఁ. అవే. తెలివి ఉన్నప్పుడే అన్నది. రెండుసార్లు అన్నది. దోసిట్ల పోస్తే మోచేతుల దాక కార్చుకుంట తాగుతది గద. తడిసిపోతవే అని నువ్వు తిడితే, తడిసెటందుకే అంటుండె.

…తాగనియ్యరు. నోటికి ఏం ఇస్తలేరు. దూదితోని పెదువులు తడుపుతున్నరు. అంతకైనా సరే అని నర్సమ్మను అడిగిన. తెచ్చుకొండ్రి గని కాగవెట్టి తెండ్రి అన్నది. పెదువులకైనా కాగిననే ఉండాల్నంట. గందుకే చెప్తున్న. మంచిగ మసలనియ్యి, సల్లారనియ్యి, మూత గట్టిగున్న స్టీలు డబ్బల పోసుకో. ఉత్త నీళ్లు తేకు. ఇంటున్నవా? ఉత్తయి తేకు.

…

…ఏమన్నవు? మల్లోసారి అను.

…ఊఁ.

…వస్తవా. సరే. సరే, ఆగమ్మా.

ముందుగాల ఆ కంప గుంజెయ్యి… వైకుంఠాన్ని గుంజుమను, నీకు ముండ్లు కుచ్చుకుంటయి… వద్దా, నువ్వే గుంజుతవా. గుంజు మరి. ఫోన్ కట్ చెయ్యకు, గోడ మీద పెట్టు. నేనుంట.

…

…ఇనవడుతుంది. కంప ఈడుస్తున్నవు.

…

…గిరక. నూనె ఎయ్యాలె దానికి. వానకాలంలనే ఏస్త అన్న, ఎయ్యలే…

…

ఊఁ, బొక్కెన మునిగింది. జర నిమ్మళంగ గుంజు, నడుము వడతది…

…పొయ్యి మీద పెట్టినవా? కట్టెల పొయ్యా… పచ్చివా కట్టెలు? ఊదు మరి. ఊదు, నేను లైన్లనే ఉంట. మోత్కూరుల బస్సెక్కు, ఉప్పల్‌ల దిగు. ఆడికి అల్లుడు వస్తడు, లేకుంటె నేనస్త. మంచి చీర కట్టుకో. పొల్ల చూస్తే మా అమ్మ మంచిగున్నది అనుకోవాలె. అన్నం తిన్నవా?… తినలే. నాకెరుకే. రెండు బుక్కలన్న…

…

…

ఒక్క నిమిషం.

ఏంది బిడ్డా… ఏందిరా ప్రేమ్‌రాజ్, చెప్పులేవి… ఏంది?

…

…ఎప్పుడు?

…

…మీ అమ్మ ఉన్నదా పొల్ల కాడ?… సరే. సరే బిడ్డా. కూసో. ఈడ కూసో, నా పక్కకు. గోడకు ఆనుకో…

…

…ఆఁ. ఆఁ, ఉన్న, ఆగమ్మా. ఉన్న.

…ఎవరితోని అంటే, అల్లుడు వచ్చిండు… ఏం లేదు. ఊకెనే. కూసున్నడు.

…గొంతా? నాకేమైంది. ఇంతసేపు ఎప్పుడన్న మాట్లాడిన్నా నేను. ఆరుకపోయింది.

…ఆగమ్మా, ఫోన్ ఒక్కసారి వైకుంఠానికి ఇయ్యి. బస్సు సంగతి చెప్త. ఇయ్యి జర.

…

వైకుంఠం. ఆమెకు దూరం నడువు… ఇంక జర… ఆఁ. బస్సు వద్దు. ఎవరిదన్న కారు మాట్లాడు. నువ్వు గూడ ఎక్కు, పట్నం దాక తోడు రా. మీ అమ్మను గూడ ఎక్కిచ్చుకో…

…

…ఊఁ.

…ఇప్పుడే.

…తొవ్వల చెప్పకు. అడిగితే, కాకను అడుగు, నాకు తెల్వది అను. నువ్వు ముంగట కూసో, ఎనుకకు తిరుగకు. నీ ముఖం చూస్తే తెలిసిపోతది… కండ్లు తుడుచుకున్నంకనే ఫోన్ ఇయ్యి. నీళ్లు సల్లుకో ముఖం మీద.

…

…ఆఁ, ఆగమ్మా. కారు వస్తది. బస్సు కోసం నిలవడొద్దని… అవును, తొందరగనే. పొద్దు గూకకముందు రావాలె గద.

…లేదు. ఇంకేం అనలే వాడు.

…

…నీళ్లా? ఇంక మసలలేదా.

…

…

దించెయ్యి.

…ఆఁ, నేనే అన్న. ఇందాక అన్న… ఇగ కాగవెట్టుడు వద్దు. దించెయ్యి, ఆగమ్మా. తోడినయి తోడినట్టే పట్కరా.

…

…

ఆగమ్మా?

…

లైన్ల ఉన్నవా?

…

…ఏం సప్పుడది… గిరకనా.

…మల్ల తోడుతున్నవా.

…

తోడు. నిండ తోడు.

…ఫోన్ పెడుతున్న.